పాత జవాబుల కీతో కోసిన మార్కులు, చూడకుండా మూసిన టికెట్లు: ఫిర్యాదు

విద్యార్థి సేవల విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మీ సంస్థ ఆన్‌లైన్‌లో నడుపుతున్న బిజినెస్ డిగ్రీలో టెక్నాలజీ మేనేజ్‌మెంట్ ప్రధానాంశంగా చదువుతున్నాను. ఇది మూడో సెమిస్టర్. పగలంతా ఉద్యోగం, రాత్రి పిల్లలు పడుకున్నాక చదువు. ఊసుపోక రాస్తున్న ఉత్తరం కాదిది. ఇవే విషయాల మీద మీ సహాయ విభాగానికి నాలుగు ఫిర్యాదు టికెట్లు పెట్టాను, నాలుగూ మూసేశారు.

ముందు మార్కుల సంగతి. సమాచార భద్రత పేపర్లో 17వ ప్రశ్న: సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 27001 అనుబంధంలో ఎన్ని కంట్రోల్స్ (భద్రతా చర్యలు) ఉన్నాయి? నేను 93 అని పెట్టాను. తప్పన్నారు. మీ కీలో ఉన్నది 114. అది 2013 నాటి లెక్క. 2022లో ఆ ప్రమాణాన్ని సవరించారు. అంతకుముందు 14 విభాగాల్లో ఉన్న 114 కంట్రోల్స్‌లో చాలావాటిని ఒకదాంతో ఒకటి కలిపి, క్లౌడ్ సేవల భద్రత లాంటివి 11 కొత్తగా చేర్చి, మొత్తం 93ని 4 విభాగాల కింద సర్దారు. 2013 నాటి ప్రమాణమని ప్రశ్నలో రాసి ఉంటే నేనూ 114 అనే పెట్టేదాన్ని. మా ఆఫీసులో కిందటేడు ఆడిట్ కొత్త ప్రమాణం ప్రకారమే జరిగింది. ఆ 93 వరసల పట్టిక నింపిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. మీ జవాబు అక్కడ చెబితే నవ్విపోతారు.

ఒక్క మార్కే కదా అని ఊరుకుందామనుకున్నాను. కానీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పేపర్లోనూ ఇదే తంతు. ప్రాజెక్టులు ఎలా నడపాలో చెప్పే పీఎంబాక్ గైడ్ 6వ ఎడిషన్‌లోని 49 ప్రాసెస్‌లను మాచేత బట్టీ పట్టించారు. 2021లో వచ్చిన 7వ ఎడిషన్ 12 సూత్రాలు, 8 పెర్ఫార్మెన్స్ డొమైన్ల (ప్రాజెక్ట్ పని రంగాల) చుట్టూ నడుస్తుంది. దాని ఊసే పాఠాల్లో లేదు. పాతది పనికిరాదని నేననను, ఆ 49లో చాలావాటితో ఇప్పటికీ పనులు నడుస్తున్నాయి. పాతదని చెప్పి నేర్పండి చాలు.

ఇక పరీక్ష రోజు రాత్రి జరిగిన సంగతి. 38వ ప్రశ్న దగ్గర స్క్రీన్ బిగుసుకుపోయింది. కెమెరా లైటు వెలుగుతూనే ఉంది, పైన గడియారం తిరుగుతూనే ఉంది, 'తర్వాత' బటన్ మాత్రం కదల్లేదు. చాట్‌లో అడిగితే "బ్రౌజర్ మూసి, క్యాష్ క్లియర్ చేసి మళ్లీ తెరవండి" అన్నారు. బ్రౌజర్ మూస్తే పరీక్ష రద్దవుతుందని మీ నిబంధనల్లోనే ఉంది. ఆ మాట చెబితే అవతలి నుంచి అదే వాక్యం మళ్లీ వచ్చింది. 22 నిమిషాలు పోయాయి, 9 ప్రశ్నలు రాయలేకపోయాను. మర్నాడు పెట్టిన టికెట్‌కు రెండు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

ఐటీ సేవలు ఎలా నడపాలో చెప్పే ఐటిల్ పాఠం రెండో సెమిస్టర్‌లో మీరే చెప్పారు. ఆగిన సేవను మళ్లీ నడిపించడం ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్ పని, అది ఎందుకు ఆగిందో తవ్వి తీయడం ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ పని. ఈ రెంటికీ తేడా రాయమంటే రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. నా టికెట్ విషయంలో ఆ రెండు పనుల్లో ఏదీ జరగలేదు. మా బ్యాచ్‌లో మరో ముగ్గురికి అదే రాత్రి స్క్రీన్ ఆగిపోయింది. మా నలుగురి టికెట్లను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?

ఒక మాట మాత్రం చెప్పాలి. ఆపరేషన్స్ సబ్జెక్టు ట్యూటర్ గారు రాత్రి పదకొండుకు పంపిన సందేహానికి కూడా పొద్దున్నకల్లా జవాబిస్తారు. ఈ ఫిర్యాదు ఆయన మీదకు పోకూడదు.

17వ ప్రశ్నకు మార్కు కలపాలి, అది నాకొక్కదానికే కాకుండా 93 అని రాసిన వాళ్లందరికీ. ఆగిపోయిన పరీక్షను ఫీజు లేకుండా మళ్లీ పెట్టాలి. ఆ రాత్రి సర్వర్‌లో ఏం జరిగిందో రాతపూర్వకంగా చెప్పాలి. 15 రోజుల్లో జవాబు రాకపోతే కట్టిన ఫీజు వెనక్కి అడుగుతూ వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

స్క్రీన్‌షాట్లు, చాట్ కాపీ, నాలుగు టికెట్ల మెయిళ్లు జతపరిచాను. దయచేసి దీన్ని మళ్లీ టికెట్‌గా మార్చకండి.

ఇట్లు,
మూడో సెమిస్టర్ విద్యార్థిని