మా అద్దకం షెడ్డును నిలబెట్టినవారికి కృతజ్ఞతలు

కృష్ణా జిల్లా పెడనలోని మా కలంకారీ అద్దకం షెడ్డుకు రావలసిన పాత బకాయి గత నెలలో చేతికి అందింది. 2023 డిసెంబరు తుపానుతో మొదలైన చిక్కు ఆ రోజుతో తీరింది. ఇంతకాలం మాకు ఆసరాగా నిలిచినవారి ఇళ్లకు వెళ్లి చెప్పుకున్న మాటనే అందరి ఎదుట మరొకసారి చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని చాలామంది గట్టిగా చెప్పారు కనుక రాయడం లేదు. ఎవరు ఏం చేశారో ఊళ్లో అందరికీ తెలుసు.

హైదరాబాదులో ఒక దుస్తుల కంపెనీలో ఏడేళ్లు డిజైనరుగా పనిచేసి, 2016లో ఊరికి తిరిగివచ్చి, రెండు బల్లలతో, నలుగురు పనివారితో ఈ షెడ్డు మొదలుపెట్టాను. బొమ్మ గీయడం వచ్చు, రంగుల పొందిక తెలుసు, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఆ ధీమాతోనే 2023 నవంబరులో వేరే రాష్ట్రానికి చెందిన ఒక వ్యాపారి 600 మీటర్ల గుడ్డ అడిగి, డిసెంబరు 15కల్లా సరుకు కావాలంటే, మేస్త్రీగారిని ఒక్కమాట అడగకుండా సరేనన్నాను. అడ్వాన్సు అడిగితే ఆర్డరు చేజారుతుందేమోనని అదీ అడగలేదు.

ఈ పనిలో మన చేతిలో ఉండే రోజులు తక్కువ. గాడా అనే ముతక నూలు గుడ్డను ఉతికి, కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టడానికి ఎండ కావాలి. పాత ఇనుమును బెల్లం నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన కసింతో నల్ల గీతలు, పటిక ద్రావణంతో ఎరుపు రావలసిన చోట్లు అద్దిన తరువాత, అవి గుడ్డకు పట్టేదాకా కొన్నాళ్లు ఆగి, ఆపైన పారే కాలువలో జాడించాలి. నిలవ నీటిలో జాడిస్తే గుడ్డ వదిలిన నలుపు తెల్లగా ఉండవలసిన చోటికే పోయి అంటుకుంటుంది. పటిక అద్దిన చోటు అప్పటికి కంటికి ఆనదు. రాగి కాగులో ఎరుపు రంగునిచ్చే మంజిష్ఠ వేరు, జాజి ఆకు వేసి ఉడికించినప్పుడే అక్కడ ఎరుపు తేలుతుంది. అంటే, ఉడకని గుడ్డ తడిస్తే ఎంత పాడైందో ఉడికేదాకా తెలియదు.

మిగ్‌జాం తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రోజు రాత్రే మా షెడ్డు పైకప్పు రేకులు రెండు లేచిపోయాయి. అద్దకం పూర్తయి ఉడకబెట్టవలసిన 400 మీటర్ల గుడ్డ లోపల ఉంది. ఎదురింటి నేత కుటుంబంవారు తమ మగ్గం గుంటలోకి నీళ్లు దిగుతున్నా, వాటిని తోడిపోయడం ఆపి వచ్చి, మా కట్టలను టార్పాలిన్లలో చుట్టి తమ మేడ మీది గదికి చేర్చారు. తెల్లారేసరికి ఆ గదిలో పిల్లలు గుడ్డ కట్టల మధ్యన ముడుచుకుని నిద్రపోతున్నారు. వారి మగ్గం మళ్లీ ఆడడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజుల కూలి ఇవ్వబోతే పిన్నిగారు కోప్పడ్డారు.

వాన వెలిసిన తరువాత మరో చిక్కు వచ్చింది. మాకున్నది ఒకే కాగు. మా వీధి చివరి షెడ్డు యజమానితో, పనివాడొకరు అక్కడి నుంచి మా దగ్గరకు మారిన గొడవ వల్ల, నాకు రెండేళ్లుగా మాటలు లేవు. ఆయన తనంతట తానుగా రెండు కాగులు, కట్టెలు, ముగ్గురు మనుషులను పంపారు. నా వైపు నుంచి ఆ గొడవకు క్షమాపణ చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు కనుక ఇక్కడే చెబుతున్నాను, అన్నయ్యగారూ, తప్పు నాదే. నీళ్లలో నాని వంకర తిరిగిన టేకు బ్లాకులకు, అంటే గుడ్డ మీద బొమ్మ అద్దే చెక్క అచ్చులకు, బదులు నాలుగు రోజుల్లో కొత్తవి చెక్కిన బాబాయిగారు తన మజూరీని బకాయి వచ్చాకే తీసుకున్నారు.

మిగిలిన 200 మీటర్లను బ్లాకులు పక్కనపెట్టి, జాలీ చట్రంతో రంగు దింపే స్క్రీన్ ప్రింటు వేసి పంపేయమని కొన్నవారే ఫోన్లో సలహా ఇచ్చారు. దాచడమెందుకు, నేను ఒప్పుకోబోయాను. మేస్త్రీగారు మాత్రం, "వేద్దాం అమ్మా, నాకేం పోద్ది. గుడ్డ తిరగేసి చూస్తే ఎవరికైనా తెలిసిపోద్ది. రేపట్నించి మన బ్లాకు పనిని కూడా స్క్రీనే అంటారు," అని తన పని చూసుకున్నారు. మేమూ బ్లాకులతోనే పూర్తి చేశాం. సరుకు 22 రోజులు ఆలస్యంగా వెళ్లింది.

సరుకు దించుకున్నారు కానీ, 1,92,000 రూపాయల బిల్లు ఆలస్యం పేరు చెప్పి ఆపేశారు. ఏడు నెలలు ఫోన్లు చేసి అలసిపోయాక, మచిలీపట్నంలోని ఒక అకౌంటెంటుగారు నా పుస్తకాలు తెప్పించుకుని చూశారు. డబ్బు సంగతి పక్కనపెట్టి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఈ లెక్కలో మీ జీతం ఏ వరుసలో ఉందండీ?" అని. ఆ వరుసే లేదు. పాడైపోయే గుడ్డకు, ఎండ లేక ఖాళీగా కూర్చున్న రోజుల కూలికి, అరిగిపోయే బ్లాకులకు కూడా వరుసలు లేవు. గుడ్డ, రంగు, కూలి కలిపి పైన కొంత వేసుకుని అదే లాభమనుకుంటూ ఏడేళ్లు నడిపానన్నమాట. ఆ సాయంత్రం ఆయన పెన్సిలుతో గీసిన పట్టికే నేటికీ మా ధరలకు ఆధారం. దాని ప్రకారం ధర పెంచితే పాత ఖాతాదారుల్లో ఇద్దరు వెళ్లిపోయారు, మిగిలినవారు ఉన్నారు.

బకాయి వసూలుకు దారి కూడా ఆయనే చూపారు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం 2006లో వచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, చిన్న సంస్థల నుంచి సరుకు కొన్నవారు ఒప్పందంలో ఏమి రాసుకున్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెల నెలా అసలులో కలుపుకుంటూ వడ్డీ కట్టాలి. అప్పటి రేటు ప్రకారం అది ఏడాదికి 20 శాతం దాటుతుంది. ఇదంతా నాకు తెలియదు. మాకు చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, అంటే ఉద్యం రిజిస్ట్రేషను, ముందే ఉండడం కలిసివచ్చింది. దాన్ని కూడా నేను ఒక ప్రదర్శనలో స్టాలు కోసం తీసుకుని మరిచిపోయాను. ఇలాంటి బకాయిల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సమాధాన్ పోర్టల్లో దరఖాస్తు, బిల్లులు, లారీ రసీదు, ఫోన్ సందేశాలు అన్నీ ఆయనే సర్దిపెట్టారు. ఆ ఫిర్యాదులను విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిల్ రాజీకి పిలిచాక అసలు మొత్తం, వడ్డీలో కొంత వచ్చాయి. ఫీజు అడిగితే తన కూతురి పెళ్లికి ఒక దుప్పటి అద్దిపెట్టమన్నారు. అద్దుతున్నాం.

ఇప్పుడు మా షెడ్డులో సగం డబ్బు ముందుగా అందనిదే గుడ్డను కరక్కాయలో ముంచడం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య సరుకు ఇచ్చే తేదీ ఏదైనా మేస్త్రీగారు చెప్పాకే నేను చెబుతున్నాను.

సాయం చేసిన ఇళ్లన్నింటికీ ఒక్కో దుప్పటి సిద్ధంగా ఉంది. వచ్చే ఆదివారం నేనే తెచ్చి ఇస్తాను. మరొక సంగతి. ఆ రాత్రి మా కట్టలకు చుట్టిన టార్పాలిన్లలో ఒక మూల కుట్టు వేసిన నీలం రంగుది ఎవరిదో ఇంతవరకు తెలియలేదు. ఉతికి, మడిచి షెడ్డులో ఉంచాము. దయచేసి వచ్చి తీసుకువెళ్లండి, మీకూ ఒక దుప్పటి ఉంది.