పెర్ల్ తెలుపుకు అంత రేటు ఎందుకంటే

అనంతపురం

ఓబులేసూ, బాగుండావా అప్పా?

నీ కారు డోరు ఒక్కదానికే ఇద్దరు పెయింటర్లు చెప్పిన రేట్లలో అంత తేడా ఏందని అడిగినావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తాండా. నీది మామూలు తెలుపు కాదప్పా, పెర్ల్ వైట్. కథంతా ఆడనే ఉంది.

ముందు ఫ్యాక్టరీ సంగతి విను. మన పెనుకొండ పక్కన కియా ప్లాంటుందే, అట్లాంటి ఏ పెద్ద ప్లాంటులోనైనా రేకుకు ఫాస్ఫేటు పట్టించి, బాడీ మొత్తాన్ని పెయింటు తొట్టిలో ముంచి కరెంటు పెడతారు. అట్లా పట్టే పూతనే ఈడీ కోటు అంటారు, తుప్పును ఆపేది అదే. 20 మైక్రాన్ల చిల్లర ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), గన్ను అందని సందుల్లోకి గూడా పోతుంది. దాన్ని 160 డిగ్రీల పైన కాలుస్తారు. దాని మీద ప్రైమరు, ఆ మీద రంగు, అన్నిటికీ పైన రంగు లేని క్లియర్ కోటు. మొత్తం కలిపినా 100 నుంచి 120 మైక్రాన్లే. మనిషి వెంట్రుక ఒక్కటే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది! అందులో రంగు వాటా 15 మైక్రాన్లు. ఎండను తట్టుకునే క్లియర్ కోటు 40 దాకా ఉంటుంది.

రిపేరు షెడ్డులో ఆ వేడి పెట్టేకి కాదు. ప్లాస్టిక్కులు, వైరింగు కరిగిపోతాయి. అందుకే పెయింటును గట్టిపరిచే హార్డెనరు కలిపిన టూకే (రెండు భాగాల) పెయింటు కొట్టి 60 డిగ్రీల్లో ఆరబెడతారు. చౌకగా చేసేవాళ్లు కొందరు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొడతారు. అది థిన్నరు ఎగిరిపోతే ఆరినట్టే, కానీ మన ఎండకు మెరుపు నిలవదు. వద్దే వద్దు.

మెరిసే పలుకులు లేని సాలిడ్ రంగు అయితే రంగూ మెరుపూ ఒకే పెయింటులో ఉండేట్టు ఒక దఫాలో కొట్టచ్చు. పాలిష్ గుడ్డతో రుద్దితే గుడ్డకు రంగు అంటిందంటే అదే రకం. మెటాలిక్‌లో అల్యూమినియం పొడి ఉంటుంది, పైన క్లియరు తప్పదు. ఆ పలుకులు ఎట్లా పడుకుంటాయన్న దాన్ని బట్టి షేడు మారిపోతుంది. మే నెల మధ్యాన్నం తొందరగా ఆరే థిన్నరు వేసి కొడితే, డబ్బాలో సరిపోయిన రంగే డోరు మీద వేరేగా కనపడుతుంది. తెలిసిన పెయింటరు ఎండాకాలానికి నిదానంగా ఆరే థిన్నరు వాడతాడు.

పెర్ల్ అన్నిటికన్నా కష్టం. తెల్లటి అడుగు కోటు, దాని మీద టైటానియం డయాక్సైడు పూత ఉండే అభ్రకం పలుకులతో పల్చటి పెర్ల్ కోటు, ఆ మీద క్లియరు. పెర్ల్ కోటు ఒక పూత ఎక్కువైనా, తక్కువైనా షేడు తప్పుతుంది. అందుకే మంచి పెయింటరు ముందుగా ఒక రేకు ముక్క మీద రెండు పూతలు, మూడు పూతలు, నాలుగు పూతలు వేరువేరుగా కొట్టి, ఎండలో కారు పక్కన పెట్టి చూస్తాడు. డోరు ఒక్కటే కొట్టి వదిలేస్తే అతుకు కొట్టొచ్చినట్టు కనపడుతుంది కాబట్టి పక్క ఫెండరులోకి, వెనక డోరులోకి రంగును పల్చగా కలుపుకుంటా పోవాలి. అప్పుడు ఆ రేకుల మీద గూడా క్లియరు నిండుగా కొట్టాల్సిందే. నీకు రేటు ఎక్కువ చెప్పినాయన లెక్కేసింది బహుశా ఇదే. తక్కువ చెప్పినాయన్ని, పక్క రేకులు గూడా కలుపుతావా అని అడుగు.

ఇంకొకటి నాకు చాలా ముఖ్యం. హార్డెనరులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. మూతికి టవలు కట్టుకుని గన్ను పట్టే పిల్లోళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. సరైన మాస్కు ఇచ్చే షెడ్డుకు నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇయ్యి.

డబ్బు తగ్గించాలనుకుంటే పుట్టీ, ప్రైమరు, క్లియరు దగ్గర మాత్రం తగ్గించద్దు. క్లియరు పలచనైతే మొదట బానెట్టు, టాపు మీదనే పొరలు లేస్తాయి, ఎండ నేరుగా పడేది ఆడనే కదా. సర్వీసుకు పోయినప్పుడల్లా రబ్బింగు చేయించద్దు, రుద్దినప్పుడల్లా క్లియరు కొంచెం అరుగుతుంది. కలర్ కోడు కారు మీద స్టిక్కరులోనే ఉంటుంది, ఫోటో తీసి పంపు. ఆదివారం ఈడ నాకు తెలిసిన పెయింటరుకు చూపించి, పక్క రేకులతో కలిపి ఎంతవుతుందో కనుక్కుంటా.

నీ
వెంకట్రాముడు