ప్రతిపక్షం లేని బార్బడోస్

సంపాదకుల వారికి,

2024 జూన్ 29న మన జట్టు టీ20 ప్రపంచకప్ గెలిచింది బార్బడోస్‌లోనే. రెండు రోజులకే బెరిల్ హరికేన్ అటుగా వచ్చి బ్రిడ్జ్‌టౌన్‌లో చేపల పడవలను విరిచి ఒకదానిపై ఒకటి పడేసింది. మనవాళ్లు హోటల్లో చిక్కుకున్నారని అందరం టెన్షన్ పడ్డాం. పడవలు పోయిన జాలర్ల గోడు మాత్రం మనదాకా పెద్దగా రాలేదు.

జనాభా మూడు లక్షలు కూడా లేని ఆ దేశం 2018లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. అప్పటికి అప్పు జీడీపీకి ఒకటిన్నర రెట్లు! అప్పుడే అధికారంలోకి వచ్చిన ప్రధాని మియా మోట్లీ ప్రభుత్వం ఐఎంఎఫ్ రుణం తెచ్చింది, సర్కారు కొలువులు తగ్గించింది. తుపాను ముంచితే వాయిదాలు కొంతకాలం ఆపుకునేలా కొత్త బాండ్లలో (అప్పు పత్రాల్లో) షరతు పెట్టించింది. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. ఇళ్లు కూలిన నెలలోనే వడ్డీ కట్టమంటే ఏ చిన్న దేశం తట్టుకుంటుంది?

నా బెంగ వేరే. మోట్లీ నడిపే బార్బడోస్ లేబర్ పార్టీ 2018లో, మళ్లీ 2022లో 30కి 30 సీట్లూ గెలిచింది. 2022లో ప్రత్యర్థి డెమొక్రటిక్ లేబర్ పార్టీకి దాదాపు నాలుగో వంతు ఓట్లు పడినా దక్కింది సున్నా. చివరికి గెలిచిన పార్టీ నుంచే 2018లో జోసెఫ్ అథర్లీ, 2024లో రాల్ఫ్ థోర్న్ బయటికొచ్చి ప్రతిపక్ష నేతలయ్యారు. జనం కడుపు కట్టుకుని అప్పు తీరుస్తుంటే, ఆ లెక్కలు సభలో నిలదీసేవాళ్లు ఓటర్లు ఎన్నుకున్నవాళ్లే అయి ఉండాలి కదా. దామాషా పద్ధతిలో, అంటే పడ్డ ఓట్ల వాటాను బట్టి, కొన్ని సీట్లైనా ఇస్తే ఆ నాలుగో వంతు ఓటర్లకూ సభలో చోటు దొరుకుతుంది.

– ఒక పాఠకుడు, కాకినాడ