2025–26 వార్షిక నివేదిక: పదమూడు నెలల క్యాలెండర్

మన కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

వైద్య శిబిరం, మొక్కల పంపిణీ, పిల్లల బొమ్మల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. ఎక్కువమంది అడుగుతున్నది ఉగాది క్యాలెండర్ గురించే కాబట్టి, దాని సంగతే కాస్త వివరంగా రాస్తున్నాం.

జనవరి వచ్చిందంటే బ్యాంకులు, బట్టల షాపులు, చిట్టీల కంపెనీలు ఇచ్చే క్యాలెండర్లు ఇంటికి నాలుగైదు చేరతాయి. వంటింట్లో మేకు ఒక్కటే. మిగతావి చుట్ట విప్పకుండానే బీరువా ఎక్కుతాయి. పైన ప్లాస్టిక్ పొర ఉంటే పాత పేపర్లవాళ్లు కూడా నసుగుతారు. అందుకే గోడకు అందంగా ఉండి, ఏడాది గడిచాక చెత్త కాని క్యాలెండర్ మనమే వేయించి, ఉగాదికి కానుకగా ఇవ్వాలని కమిటీ అనుకుంది.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ బొమ్మలు ఎంచుకున్నాం. ఒకప్పుడు కుల పురాణాలు చెప్పేవాళ్లు ఊరూరా విప్పి చూపించిన పటాలివి. ఎర్రటి నేపథ్యం, నల్లటి గీత, మధ్యలో నీడలు లేని ముద్దరంగులు. స్క్రీన్ ప్రింటింగ్‌కు ఇంతకన్నా అనువైన శైలి దొరకదు. బొమ్మల ఖరీదు కాక, క్యాలెండర్‌లో వాడుకున్నందుకు చిత్రకారుడికి విడిగా డబ్బు చెల్లించాం. "మన కాలనీ కోసమే కదా, అదెందుకు" అన్నవాళ్లున్నారు. ఇవ్వాల్సిందేనని కమిటీ అభిప్రాయం.

బట్టల కత్తిరింపుల గుజ్జుతో చేసిన చేతి కాగితం, నీళ్లలో కరిగే రంగులు, కింద పైన రేకు పట్టీలకు బదులు వెదురు పుల్లలు, నూలు దారం. లామినేషన్ లేదు. మొదట చూసిన ప్రెస్సువాళ్లు ఈ గరుకు కాగితం మెషీన్‌లో వెయ్యలేమన్నారు. చేత్తో స్క్రీన్ వేసేవాళ్లు దొరికేదాకా కాస్త టెన్షన్ పడ్డాం.

అసలు చర్చ నెలల దగ్గర వచ్చింది. మనది తెలుగు నెలల క్యాలెండర్. 2026 మార్చి 19న మొదలైన పరాభవ సంవత్సరంలో అదనపు నెల, అధిక జ్యేష్ఠం ఉంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. అంటే పన్నెండు కాదు, పదమూడు పేజీలు. పండగలూ పెళ్లిళ్లూ లేని నెలకు ఏం బొమ్మ వెయ్యాలి? చిత్రకారుడే దారి చూపించారు: చింతగింజల గుజ్జు ఉడికించి, సుద్దమన్ను కలిపి బట్టకు పూసే పని. పటం తయారయ్యేది అలాగే మరి. మాకైతే మొత్తం క్యాలెండర్‌లో అదే మంచి పేజీ అనిపించింది.

బొమ్మ పక్కన తారీకులు మాత్రం చిన్నగా పెట్టి ఊరుకుందామని కుర్రకారు, తిథి, నక్షత్రం, రాహుకాలం లేకపోతే అది క్యాలెండరే కాదని పెద్దవాళ్లు. పెద్దవాళ్ల మాటే నెగ్గింది. పాలు రాని రోజు సున్నా చుట్టడానికి, గ్యాస్ బండ తేదీ రాసుకోవడానికి గళ్లు కూడా పెద్దవి చేయించాం. పేజీకి అడ్డంగా చిల్లుల గీత ఉంది. నెల అయిపోయాక కింది భాగం చింపి, బొమ్మకు ఫ్రేమ్ కట్టించుకోవచ్చు.

ఇంటికొకటి చొప్పున ఇచ్చాం. వాచ్‌మన్‌లకు, పనివాళ్లకు కూడా అందాయి. ఇతర ఊళ్లలోని పిల్లలకు పంపడానికి అదనంగా కొనుక్కున్నవాళ్లు చాలామంది. ఖరీదు ఎక్కువైందన్న మాట నిజమే. మామూలు ప్రింటుతో పోల్చితే బాగా ఎక్కువ.

వచ్చేసారి చేర్యాలేనా, కలంకారీకి వెళ్దామా అన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. బొమ్మలకు సమయం పడుతుంది కాబట్టి, కాపీలు కావలసినవాళ్లు దసరాలోపు పేరు రాయించండి.

– కార్యదర్శి