షుగర్ పరీక్ష కూడా ఏఆర్‌టీ సెంటర్లోనే చెయ్యాలి

సంపాదకుడు గారికి,

కోనసీమలో చాలాకాలంగా మందుల షాపు నడుపుతున్నాను. ఏఆర్‌టీ సెంటర్లో, అంటే హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ కేంద్రంలో, ఏళ్ల తరబడి మందులు తీసుకుంటున్నవాళ్లకి షుగర్, కొలెస్ట్రాల్ ఎలా ఉన్నాయో పట్టించుకునే నాథుడు లేడు. అందుకే ఈ ఉత్తరం.

2004లో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టే నాటికి, రాష్ట్రంలో కేసులు ఎక్కువున్న జిల్లాల్లో ఉభయ గోదావరులూ ఉండేవి. అప్పటి స్టావుడిన్ మాత్ర ప్రాణం నిలబెట్టేది గానీ బుగ్గలు పీక్కుపోయేవి, కాళ్లూ చేతులూ సన్నబడి నరాలు తేలేవి. మనిషిని చూడగానే ఊరు పసిగట్టేసేది. ఆ మాత్ర పోయింది. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకి ఒకటే మాత్ర: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపింది. నిజంగా మంచి మందు. కాకపోతే కొందరిలో బరువు బాగా పెరుగుతుంది, షుగరూ పెరగొచ్చు. లోపినావిర్ అనే మరో రకం హెచ్‌ఐవీ మందు వాడేవాళ్లకి ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు), కొలెస్ట్రాల్ పెరగడం పాత సంగతే. ఇందులో మందు వాటా ఎంత, వయసు వాటా ఎంత, మన మూడు పూటల అన్నం వాటా ఎంత అంటే విడదీసి చెప్పడం కష్టం.

పైగా ఇక్కడో తిరకాసు ఉంది. ఒకప్పుడు ఎముకల గూడులా అయిపోయిన మనిషి ఒళ్లు చేస్తే ఇంటిల్లిపాదికీ సంబరం. ‘బాగా కోలుకున్నావే’ అంటారు. లావుగా ఉంటే జబ్బు సంగతి ఎవరికీ అనుమానం రాదు. అలాంటివాళ్లకి పొట్ట తగ్గించుకోండి అని చెబితే ఎందుకు వింటారు?

ఆ మధ్య ఒకావిడ షుగర్ మందు మెట్‌ఫార్మిన్ చీటీ తెచ్చింది. వెయ్యి మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. చీటీ కోసం సంచి వెతుకుతుంటే లేబుల్ గీకేసిన తెల్ల డబ్బా కనబడింది, హెచ్‌ఐవీ మాత్రలదేమో అనిపించింది. ‘వేరే మందులేమన్నా వాడుతున్నారా అమ్మా?’ అంటే ‘ఏం లేవండీ’ అంది. షాపులో నలుగురూ ఉన్నారు, ఇంకేం అడుగుతాను? డోలుటెగ్రావిర్ వాడేవాళ్ల రక్తంలో మెట్‌ఫార్మిన్ మామూలు కంటే ఎక్కువగా చేరుతుంది. రోజు మొత్తానికి వెయ్యి దాటకూడదని చెబుతారు. మాత్రలన్నీ ఒకేచోట చూపించి మోతాదు అడగండని చీటీ వెనక రాసిచ్చి పంపాను. రాసిన డాక్టరుది తప్పనను, ఆయనకి తెలిస్తే కదా. లోపినావిర్ వాడేవాళ్లకి కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ రాస్తే అది ఇంకా ప్రమాదం.

ముప్పై దాటినవాళ్లకి ఊళ్లోనే బీపీ, షుగర్ చూస్తున్నారు కదా అనొచ్చు. చూసే ఆశా కార్యకర్త పక్కింటి పిల్లే. జబ్బు బయటపడుతుందని దగ్గరి సెంటర్ వదిలేసి, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం అవతలికి పోయేవాళ్లు ఆమెకి చెబుతారా? చెప్పమని బలవంతపెట్టే హక్కు కూడా ఎవరికీ లేదు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల హక్కులు కాపాడే 2017 చట్టం ఉంది.

కాబట్టి మందులిచ్చే చోటే, మందులకి వచ్చిన రోజునే, పరగడుపు షుగర్, కొవ్వు పరీక్షలు చెయ్యాలి. ఏమీ తినకుండా రమ్మని కౌన్సెలర్ ముందురోజు ఫోన్ చేస్తే చాలు. బయట ల్యాబుకి పొమ్మంటే ఆ డబ్బు లేక మానేస్తున్నారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి కొలెస్ట్రాల్ తగ్గించే పిటవాస్టాటిన్ మాత్ర ఇస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి మూడో వంతు పైగా తగ్గాయని 2023లో రిప్రీవ్ అధ్యయనం తేల్చింది. అందులో మనదేశం వాళ్లూ ఉన్నారు. నలభై దాటినవాళ్ల విషయంలో అధికారులు దీన్నీ ఆలోచించాలి.

ఇది చదివి ఎవరూ మాత్రలు మానొద్దు. మానేస్తే వైరస్ తిరగబెడుతుంది, మందుకి లొంగకుండానూ పోవచ్చు. షుగర్ వచ్చిందనిపిస్తే సెంటర్లో అడగండి. అక్కడ మొహమాటమైతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు.

నా షాపుకి వచ్చేవాళ్లని ఊళ్లో గుర్తుపడతారు, దయచేసి నా పేరు వెయ్యవద్దు.

– ఒక మందుల షాపు యజమాని, రాజోలు ప్రాంతం