కొత్తగా వచ్చిన నర్సుకు ఒక గంట ఇవ్వండి

సంపాదకుడికి,

ఆసుపత్రిలో ఏదైనా పొరపాటు జరిగితే, "ఏజెన్సీ నుంచి వచ్చినామె చేసింది" అని ఒక్క మాటతో తేల్చేస్తుంటారు. కొన్నేళ్లు అలా నర్సులను పంపే ఏజెన్సీ తరఫున, కాంట్రాక్టు మీద ఆసుపత్రులు మారుతూ డ్యూటీలు చేసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం.

పొరపాట్లు జరిగేది మాకు పని రాక కాదు. నరానికి క్యాన్యులా (మందులెక్కించే సన్నని గొట్టం) పెట్టడం ఎక్కడైనా ఒకటే. క్రాష్ కార్ట్ (ప్రాణాపాయంలో వాడే మందులు, పరికరాల బండి) ఎక్కడుంది, మందును కొలత ప్రకారం ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు ఏ రకం, ఇన్సులిన్ డ్రిప్ ఎంతలో కలుపుతారు, అర్ధరాత్రి డాక్టరుకు ఏ నంబరుకు చేయాలి... ఇవీ చోటు మారితే మారిపోయేవి. ఒకచోట మొదటి రోజే నైట్ డ్యూటీ వేసి, కంప్యూటర్ లాగిన్ "రేపొస్తుంది" అన్నారు. పక్క సిస్టర్ పాస్‌వర్డుతోనే తెల్లవార్లూ మందులు ఎంటర్ చేశాను. తప్పని తెలుసు. నా చేతి మీదుగా ఏదైనా జరిగుంటే రికార్డులో ఆమె పేరుండేది.

2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో బయటికొచ్చిన సంగతి చూడండి. రెండు ఆసుపత్రుల్లో పనిచేసే ఒక నర్సు రోగి చేతికి పసుపు బ్యాండు వేసింది. ఆమె పనిచేసే రెండో ఆసుపత్రిలో ఆ రంగుకు అర్థం, ఈ చేతి నుంచి రక్తం తీయొద్దని. రోగి ఉన్న ఆసుపత్రిలో మాత్రం, గుండె ఆగితే బతికించే ప్రయత్నం చేయొద్దని! నిజంగానే రోగి గుండె ఆగింది. బ్యాండు చూసి సిబ్బంది వెనక్కి తగ్గబోయారు. పొరపాటని ఒకరు సమయానికి గుర్తించబట్టి ప్రాణం దక్కింది. ఆ తర్వాతే అక్కడ చాలా రాష్ట్రాలు బ్యాండు రంగులన్నీ ఒకేలా ఉండాలని కదిలాయి. ఆ నర్సుకు పని రాదని ఎవరనగలరు?

సిబ్బంది కొరత ఉన్నన్నాళ్లు ఆసుపత్రులకు మాలాంటివాళ్లు తప్పరు. అలాంటప్పుడు మొదటి షిఫ్టులో మొదటి గంట పేషెంట్లను అప్పగించకుండా వార్డు చూపించండి. లాగిన్, బ్యాడ్జి ముందే సిద్ధంగా ఉంచండి. హెపారిన్, పొటాషియం లాంటి, మోతాదు తప్పితే ప్రాణం మీదికొచ్చే మందులు ఎక్కించే ముందు అక్కడి సిస్టర్ ఒకరు పక్కన నిలబడి చూడాలి. చేరిన రోజే షిఫ్టు మధ్యలో ఇంకో వార్డుకు పంపడం మానాలి. సర్టిఫికెట్లు ఏజెన్సీ చూసిందిలే అని వదిలేయకుండా రిజిస్ట్రేషన్ ఆసుపత్రే స్వయంగా సరిచూసుకోవాలి.

టైం ఎక్కడిదంటారు. ఒక ఇన్‌ఛార్జ్ సిస్టర్ పట్టుమని పది నిమిషాలు నన్ను క్రాష్ కార్ట్ ముందు నిలబెట్టి, ఒక్కో సొరుగూ నా చేత్తోనే తెరిపించింది. అప్పుడు కాస్త చిరాకుపడ్డాను కూడా. ఆ రాత్రి మూడింటికి, రోగికి చేత్తో ఊపిరి అందించే ఆంబు బ్యాగ్ కావాల్సి వచ్చినప్పుడు ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.

- ఒక స్టాఫ్ నర్సు