రెండో చెంప సంగతి

ఒరేయ్ మామా,

ప్రభువు నామంలో నీకూ చెల్లెమ్మకీ వందనాలు. పాపకి నా ముద్దులు.

పాపని బళ్ళో ఏడిపిస్తున్నారని చెబుతూ మొన్న ఫోన్లో నువ్వడిగిన మాటకి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమని నేర్పితే నా కూతురు ఈ లోకంలో ఎలా బతుకుతుందిరా?" అన్నావు. ఇంతలో సిగ్నల్ పోయింది. అయినా రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదులే, అందుకే కాగితం తీశా.

నీకు చెప్పలేదు గానీ, ఈ ఏడు మా చిన్నోడిదీ అదే గొడవ. వాడికి నత్తి ఉందని తెలుసుగా. నాలుగో తరగతికి రాగానే క్లాసులో ఒకడు వాడికి 'బఫరింగ్' అని పేరు పెట్టాడు. హాజరు పిలిచినప్పుడు మావాడు "ప్రె... ప్రె..." అంటూ ఉంటే వెనక బెంచీ పిల్లలు గాల్లో వేలు గుండ్రంగా తిప్పుతారట, ఫోన్లో వీడియో ఆగిపోతే చక్రం తిరుగుతుందే, అచ్చం అలా. నోటితో ఒక్క మాటా అనరు. అందుకే టీచరమ్మ కంట కూడా చాన్నాళ్ళు పడలేదు.

మాకు మాత్రం ఏం తెలిసింది? పొద్దున బస్సు వేళకి కడుపునొప్పి అనేవాడు. వాము నీళ్ళు తాగించి పంపేవాళ్ళం. రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యం చదవడం వాడి వంతు. ఒకరోజు బైబిలు మూసి నా ఒళ్ళో పెట్టి, "నువ్వే చదువు నాన్నా" అన్నాడు. అప్పుడు తవ్వితే బయటపడింది.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "పట్టించుకోకు నాన్నా, వాళ్ళని క్షమించేసి ప్రార్థన చేసుకో" అన్నా. తండ్రిగా మంచి మాటే చెప్పాననుకున్నా. వాడు సరేనని తలూపాడు. ఆ తర్వాత మూడు వారాల పాటు బడి ముచ్చటే ఎత్తలేదు. అంటే నేను క్షమించమంటే, ఇక నాతో చెప్పకు అని వాడికి వినపడింది. అంత పెద్ద మాటని పసివాడి నోరు మూయడానికి వాడానే అని తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఒక రాత్రి లైటు తీసేశాక వాడే అడిగాడు, "దేవుడు నా నోరు ఎందుకిలా చేశాడు?" అని. లేచి మళ్ళీ లైటేసి నిర్గమకాండం నాలుగో అధ్యాయం తీశా. "నేను నోటి మాంద్యము నాలుక మాంద్యము గలవాడను" అని మోషే దేవుడితోనే మొరపెట్టుకున్న చోటు. సండే స్కూల్లో ఇన్నేళ్ళుగా మోషే కథ చెబుతున్నా, నా ఊపంతా ఎర్ర సముద్రం దగ్గరే. ఈ వాక్యం మీద ఎప్పుడూ నిలబడలేదు. "మోషేకి కూడానా?" అని వాడు దుప్పటి తోసేసి లేచి కూర్చున్నాడు. ఆ మొహం నువ్వు చూసి ఉండాల్సిందిరా.

దేవుడు మోషే నత్తి తీసేశాడని అక్కడ రాసి లేదు. మానవునికి నోరిచ్చినవాడు ఎవడని అడిగి, మూడేళ్ళు పెద్దవాడైన అన్న అహరోనుని తోడిచ్చాడు. అది విని మావాడు కాసేపు ఆలోచించి, "మా క్లాసులో ఒకమ్మాయి ఎప్పుడూ వేలు తిప్పదు నాన్నా" అన్నాడు. అప్పటిదాకా ఆ పిల్ల ఊసే మాకు తెలియదు. ఏడిపించేవాడి గురించే అడిగాం గానీ, పక్కన నిలబడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగాలని తట్టనే లేదు. నువ్వు ఇవాళే పాపని అడుగు.

ఇక నీ రెండో చెంప సంగతి. కొండమీద ఆ మాట చెప్పిన యేసు ప్రభువునే ప్రధాన యాజకుడి ఎదుట ఒక బంట్రౌతు చెంప మీద కొట్టాడు. యోహాను 18లో ఉంది, చూడు. ఆయన తిరిగి కొట్టలేదు. నోరు మూసుకునీ ఉండలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేంటో చెప్పు, మంచే మాట్లాడితే నన్నెందుకు కొడుతున్నావని సూటిగా అడిగాడు. పగ తీర్చుకోవద్దన్నాడు గానీ, తప్పుని తప్పు అనొద్దని ఆయన ఎక్కడా అనలేదురా. దయగల పిల్లలు కావాలని మనం మెత్తని పిల్లల్ని తయారు చేస్తున్నాం. అది వేరు, ఇది వేరు.

అందుకని ఇంట్లో ఒక మాట సాధన చేయించాం. "ఆపు. నాకు బాధగా ఉంది." అంతే. మా ఆవిడ వంటింటి గుమ్మంలో ఆ కుర్రాడిలా నిలబడి వేలు తిప్పేది. వాడు "ఆ... ఆ..." దగ్గరే ఆగిపోయేవాడు. మాట అందించడానికి నా నోటిదాకా వచ్చేది, కానీ అందించొద్దనీ, మెల్లగా మాట్లాడు అనొద్దనీ, కళ్ళలోకి చూస్తూ ఆగమనీ స్పీచ్ థెరపిస్టు చెప్పారు. పాటలో వాడికి నత్తి రాదు. క్వాయర్లో గడగడా పాడతాడు. దాంతో వాడే ఆ మాటకి ఒక చిన్న రాగం కట్టుకున్నాడు.

టీచరమ్మని కూడా కలిశాం. పెద్దవాళ్ళకి చెప్పడం చాడీ కాదని ముందే వాడికి నచ్చజెప్పాం. మొదట ఆవిడ ఇద్దరి చేతులూ కలిపించి "ఫ్రెండ్స్" అనిపించారు. దాంతో ఏమీ తేలలేదు. తర్వాత ఆలోచించి, హాజరుకి ఇష్టమైనవాళ్ళు చెయ్యెత్తితే చాలని అందరికీ చెప్పేశారు. చక్రాలు చాలావరకు తగ్గాయి.

దయ ఎక్కడుంది ఇందులో అంటావేమో. ఆ కుర్రాడి కోసం ప్రార్థన చేస్తావా అని ఒక రాత్రి అడిగా, బలవంతం లేకుండా. "చిన్నదే చేస్తా" అన్నాడు. "ప్రభువా, వాణ్ణి దీవించు, కానీ నా పక్క సీటులో కూర్చోబెట్టొద్దు. ఆమెన్." ఇంతకంటే నిజమైన ప్రార్థన నేను చాలా రోజులుగా వినలేదు. పుట్టినరోజుకి చాక్లెట్లు పంచేటప్పుడు వాడికీ ఒకటి ఇచ్చాడు, అందరితో పాటే. రెండివ్వమని నేను అనలేదు.

పాపని రంగు పేరుతో ఏడిపిస్తున్నారన్నావు కదా. పరమగీతం మొదటి అధ్యాయం పక్కన కూర్చోబెట్టుకుని చదివించు, "నేను నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను" అని ఆ అమ్మాయే అంటుంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టిన బొమ్మలు చెరిపేయకు, స్క్రీన్‌షాట్లు తీసుకుని ప్రిన్సిపాల్‌కి చూపించు. బడి వాళ్ళు పట్టించుకోకపోతే 1098కి ఫోన్ చెయ్యి, పిల్లల హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ ఎత్తుతారు. అదీ విశ్వాసమే, సిగ్గుపడకు.

ఇంకొకటుంది మామా, రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. హాస్టల్లో మన రూములో మెల్లకన్ను కుర్రాడు గుర్తున్నాడా? రెండేళ్ళూ వాణ్ణి ఒక్కసారైనా అసలు పేరుతో పిలిచామా మనం? వాడు నవ్వేవాడు కాబట్టి వాడికీ సరదాగానే ఉందనుకున్నాం. మావాడు కూడా మొదట్లో నవ్వేవాడట, ఏడిస్తే ఇంకా తిప్పుతారని.

వాడి నంబరు నీ దగ్గరుంటే పంపు. లేకపోతే వాళ్ళ ఊళ్ళో ఎవరినైనా అడిగి సంపాదించు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం. ముందు నేను మాట్లాడతాలే.

నీ,
మామ